ఇచ్చేసిన సీటు

రమాబాయి ఎవరికైనా ఒక వస్తువు ఇచ్చిందంటే అది ఆమె ఇంట్లోంచి పోతుంది గాని ఆమె నోట్లోంచి పోదు. ఈ సంగతి అరుణకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

అరుణ ఆదోనిలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నర్సు. భర్త సామ్సన్ పాత తెల్లకారొకటి పెట్టుకొని బాడుగకు తిప్పుతాడు. వాళ్ళకు ఏడు నెలల కూతురు, పేరు కృప. అరుణ డ్యూటీకి పోతే పాపను చూసుకోవడానికి సామ్సన్ తల్లి బసమ్మ కోసిగి దగ్గరి పల్లె వదిలి వచ్చి వాళ్ళతోనే ఉంటోంది.

అరుణ రమాబాయి ఇంటికి పోయేది ఆమె భర్త భీమరావు కాలు కోసం. ఆయన హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయ్యాడు. షుగర్ వల్ల పాదం కింద పుండు పడి మానడం లేదు. రోజు విడిచి రోజు అరుణ డ్యూటీ దిగాక వాళ్ళింటికి పోయి పుండు కడిగి కట్టు మార్చి వచ్చేది. రమాబాయి కూడా టీచరే. ఊళ్ళో సగం మంది తన దగ్గర చదువుకున్నవాళ్ళేనని ఆమె నమ్మకం. మిగతా సగం మంది బాగుపడకపోవడానికి తన దగ్గర చదువుకోకపోవడమే కారణమని ఇంకా గట్టి నమ్మకం.

ఒకరోజు కట్టు మార్చి చేతులు కడుక్కుంటుంటే రమాబాయి పిలిచింది.

"అరుణా, నీకొకటి ఇస్తా ఉండు. మా కూతురు స్పందన కొడుకుది బేబీ బండి, కారు సీటు, సెట్టు. అల్లుడు బెంగళూరులో కొన్నాడు. ఇప్పుడు వాడికి పెద్ద సీటు తీసుకున్నారు. ఇది ఊరికే మెట్ల కింద పడి ఉంది. నువ్వు తీసుకుపో."

అరుణకు నిజంగానే గుండె ఎగిరినంత పనైంది. కిందటి యేడాది వానల్లో ఆస్పరి రోడ్డు మీద కారు కల్వర్టుకు గుద్దుకుంటే, తల్లి ఒడిలో ఉన్న చంటిపిల్లను తాను పనిచేసే నర్సింగ్ హోమ్‌కే తెచ్చారు. తల్లికి మోచేయి గీసుకుపోయిందంతే. పిల్లను అరుణే గుడ్డలో చుట్టి బయటికి ఇవ్వాల్సి వచ్చింది. అప్పుడు అరుణ కడుపుతో ఉంది. పాప పుట్టినప్పటి నుంచి కారుకు బేబీ సీటు కొందామని సామ్సన్‌ను పోరుతూనే ఉంది. సామ్సన్ ప్రతిసారీ వచ్చే నెల అనేవాడు.

మెట్ల కింద నుంచి సెట్టును అరుణే లాగింది. రమాబాయి ఎడంగా నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, ఏది ఎక్కడ పట్టుకోవాలో చెప్పింది. దుమ్ము, బొద్దింకల గుడ్లు, ఎప్పుడో ఒలికిన పాల మరక. అయినా బండి గట్టిగానే ఉంది. సీటు తీసి బండి మీద పెడితే టక్కుమని కూర్చుంటుంది. మళ్ళీ తీసి కారులో పెట్టి బెల్టు బిగించుకోవచ్చు.

"జాగ్రత్తగా వాడుకో. మీ వాళ్ళకు ఇట్లాంటివి అలవాటుండవు, అందుకని చెప్తున్నా," అంది రమాబాయి. "వెనక వాకిట్లోంచి తీసుకుపో. ముందర ఇప్పుడే కడిగించినా."

ఆ మాటలు అరుణ చెవిలో పడ్డాయి. కాని ఆ పూట ఆమె కళ్ళు సీటు మీదే ఉన్నాయి. ఇంటికి తెచ్చి సీటు బట్టలన్నీ విప్పి వేడినీళ్ళలో నానబెట్టి ఉతికింది. చక్రాలకు పట్టిన మట్టిని పాత బ్రష్షుతో గీకింది.

మరునాడు బండిలో కృపను కూర్చోబెట్టి వీధిలోకి తోసుకొచ్చేసరికి బసమ్మ గడప మీద నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"యాడికి తోసుకోని పోతాండావు? బిడ్డనా, పత్తికొండకు పోయే టమాటా గంపనా?"

"బండి అత్తా. బయట పిల్లోళ్ళను ఇట్లనే తిప్పుతారు."

"చేతులు లేనోళ్ళు తిప్పుతారేమో. సామ్సన్‌ను నేను గుంటూరు మిరపసేండ్లల్లో చీరుయ్యాల్లో పెంచినా. వాడికేమైంది? దున్నపోతు మాదిరి ఉండాడు."

బసమ్మ మాట ఎట్లా ఉన్నా, వీధి కూడా ఆమె పక్షమే అయింది. ఆ బండి నున్నటి ఫుట్‌పాత్‌ల కోసం చేసింది. వాళ్ళ వీధిలో సిమెంటు రోడ్డును పైపుల కోసం తవ్వి సగం పూడ్చి వదిలేశారు. ముందు చక్రాలు సోడా మూతలంత ఉంటాయి. కంకర కనిపిస్తే చాలు, అడ్డం తిరిగి మొండికేస్తాయి. మురికికాలువ దాటాలంటే బండిని ఎత్తాలి, బండిలో బిడ్డ ఉంటుంది. పత్తి లారీ వస్తే పక్కకు జరగడానికి చోటుండదు. పక్కింటి రంగమ్మ రోజూ వాకిట్లో కూర్చొని, "ఓయమ్మా, దొరసాని సవారీ వచ్చె, లేయండి లేయండి" అని అరిచేది.

వారం తిరగకముందే బసమ్మ ఆ బండికి తనకు నచ్చిన పని కనిపెట్టింది. రేషను బియ్యం సంచి, నీళ్ళ క్యాను అందులో పెట్టి, కృపను మాత్రం చంకలో వేసుకొని తోసుకొచ్చేది. "బియ్యానికి బాగుండాది," అని ఒప్పుకుంది.

సీటు సంగతి వేరు. దాన్ని సామ్సన్ కారు వెనక సీటుకు బిగించాడు. మొదటిరోజు బెల్టు ఎట్లా దూర్చాలో తెలియక చెమటలు కారేదాకా కుస్తీ పట్టి, ఫోనులో వీడియో చూసి ఎట్లాగో పట్టు సాధించాడు. ఒక ఆదివారం పత్తికొండ దారిలో గొర్రెల మంద ఒక్కసారిగా రోడ్డెక్కింది. సామ్సన్ బ్రేకు మీద నిలబడ్డాడు. అరుణ తల ముందు సీటుకు తగిలింది. బసమ్మ ఒళ్ళో సద్దిగిన్నె ఎగిరి గేరు కాడ పడింది. కృప సీట్లో కొంచెం ఊగి, పెదవులు చప్పరించి, మళ్ళీ నిద్రపోయింది.

బసమ్మ వంగి సద్దిగిన్నె తీసుకుంది. "బిడ్డను కట్టేసినట్టుంటాది, చూసేదానికి బాగలేదు," అని మాత్రం అంది చివరకు. కాని ఆ తరువాత ఆ సీటును ఎప్పుడూ తిట్టలేదు.

ఇక రమాబాయి. కట్టు మార్చడానికి పోయిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు కూర్చొని ఉండేవాళ్ళు. పక్కింటావిడో, తోటి టీచరో, ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టేవాడో. ఎవరున్నా రమాబాయి మాట ఒకటే.

"ఈ పిల్లకే మేం సెట్టు ఇచ్చింది. కొత్తదే, ఏమీ కాలేదు. ఏం అరుణా, బండి బాగుందా?"

"బాగుంది మేడమ్."

"చూడు, మా వాడు ఎంత జాగ్రత్తగా వాడినాడో!"

ఆ జాగ్రత్తను బొద్దింకల గుడ్లతో సహా గీకింది అరుణ. అయినా తలూపేది. ఒకటికి పదిసార్లు తలూపాక మెడ తనది కాదనిపించింది. ఇచ్చిన వస్తువుకు ఒకసారి కృతజ్ఞత చెప్తే చాలదు, నెలనెలా కడుతూ ఉండాలి కాబోలు అనుకుంది.

ఒకరోజు రమాబాయి పాపను బండిలో తీసుకురమ్మంది, చూడాలని ఉందట. అరుణ తీసుకుపోయింది. రమాబాయి గేటు దాటనివ్వకుండా బయటే ఆపి, బండి పిడి మీద తన చెయ్యి వేసుకొని, భీమరావుతో ఫోటో తీయించింది. అరుణను కొంచెం పక్కకు జరగమంది. పాపను ఎత్తుకోలేదు, బుగ్గన చెయ్యి పెట్టలేదు, పేరడగలేదు.

మరునాడు నర్సింగ్ హోమ్‌లో మందుల కౌంటరు దగ్గర పనిచేసే పిల్ల ఫోను పట్టుకొని వచ్చింది. "అక్కా, ఇది మన కృప కాదా?" రమాబాయి వాట్సాప్ స్టేటస్. ఫోటో కింద రాసుంది: "వాడని వస్తువులను పారేయకండి. ఒక నిరుపేద బిడ్డ నవ్వులో దేవుణ్ణి చూశాను."

అరుణ ఆ మాటలు రెండుసార్లు చదివింది. ఫోటోలో కృప నవ్వడం లేదు. ఎండ కళ్ళల్లో పడి ముఖం చిట్లించుకొని ఉంది. ఆ ముఖం చూసి రమాబాయికి కనిపించిన దేవుడెవరో అరుణకు అర్థం కాలేదు.

ఇంటికి వచ్చి సామ్సన్‌కు చెప్పింది. "నేను నర్సింగ్ చదివినా. నువ్వు కారుకు ఓనరువి. మన బిడ్డ నిరుపేద బిడ్డంట."

"పోనీలే. పెద్దోళ్ళు, ఏదో రాసుకున్నారు," అన్నాడు సామ్సన్. "ఆ యమ్మ నలుగురికి చెప్తే నాకు బాడుగలొస్తాయి."

సామ్సన్ మంచివాడు. ఎవరితోనూ గొడవ పడడు. ఆ మంచితనం చూస్తే ఆ రోజు అరుణకు ఒళ్ళు మండింది. పోయి అన్నం వండింది. అప్పటి నుంచి రమాబాయి ఇంట్లో ఆమె చేతులు కట్టు మీద, కళ్ళు గోడ మీద ఉండేవి. బండి ఎట్లుందని అడిగితే "ఉంది" అనేది, అంతే.

ఆ నెలలోనే ఎమ్మిగనూరులో రమాబాయి తమ్ముడింట పెళ్ళి వచ్చింది. రమాబాయి సామ్సన్ కారే మాట్లాడింది. భీమరావు కాలును పెళ్ళి మధ్యలో ఒకసారి చూడాలని, అరుణను కూడా రమ్మంది. అరుణకు ఆ రోజు సెలవే. పాప ఇంకా పాలు తాగుతోంది కాబట్టి పాపను కూడా తీసుకొస్తానని చెప్పింది.

"తీసుకురా, తీసుకురా. సీటు మాత్రం కార్లోంచి తీయొద్దు," అంది రమాబాయి ఫోనులో. ఇన్నాళ్ళకు ఒక మంచి మాట అన్నదనుకుంది అరుణ.

పొద్దున్నే బయలుదేరారు. ముందు భీమరావు కాలు చాపుకొని కూర్చున్నాడు. వెనక ఒక కిటికీ పక్కన కృప సీటు, మధ్యలో అరుణ, ఈ పక్క రమాబాయి. దారి పొడుగునా రమాబాయి తన పట్టుచీర అరుణకు తగలకుండా సర్దుకుంటూనే ఉంది. కోటేకల్ దాటాక పాప ఏడిస్తే, "ఆకలేమో చూడు, మాకు తలనొప్పి వస్తుంది" అంది.

కళ్యాణమంటపంలో అరుణకు చోటు దొరకలేదు. పూలగంపలు పెట్టిన గదిలో గోడకు ఆనుకొని కూర్చొని పాపకు పాలిచ్చింది. డ్రైవర్లకు వెనక షెడ్డులో భోజనం పెట్టారు. సామ్సన్ పక్కన అరుణ కూడా అక్కడే తిన్నది. మధ్యలో రమాబాయి ఇద్దరు ఆడవాళ్ళను వెంటేసుకొని వచ్చి షెడ్డు గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆ పిల్లే. నేను చెప్పలే, సెట్టు ఇచ్చినామని. స్టేటస్‌లో పెట్టినా చూడు, ఆ పాపదే."

ఆ ఇద్దరు ఆడవాళ్ళు అరుణను, ఆమె విస్తరిని, ఒళ్ళో ఉన్న బిడ్డను చూశారు. "పాపం," అంది ఒకామె. అరుణ తల దించుకోలేదు. ముద్ద నమిలి మింగి, ఆ ఇద్దరినీ పైనుంచి కిందికి తీరిగ్గా చూసింది. వాళ్ళే ముందు కళ్ళు తిప్పుకొని పోయారు.

భోజనాలయ్యాక భీమరావును ఒక గదిలో పడుకోబెట్టి కట్టు విప్పింది. లడ్లు తిన్నానని ఆయన తనంతట తానే చెప్పాడు, చిన్నపిల్లవాడిలా.  అరుణ కట్టు కట్టి, పాపను భుజాన వేసుకొని బయటికి వచ్చింది.

కారు వెనక తలుపు తెరిచి ఉంది. రమాబాయి సగం లోపలికి వంగి, తడి టిష్యూలతో కృప సీటును తుడుస్తోంది. పట్టీలు, తలగడ, పిడి, ఒక్కోటి తుడిచి, టిష్యూను రెండు వేళ్ళతో పట్టుకొని దూరంగా విసిరేస్తోంది. కృప కింద పరిచే దుప్పటి బయట, కారు చక్రం పక్కన, మట్టిలో పడి ఉంది. స్పందన కొడుకును ఎత్తుకొని అక్కడే నిలబడి ఉంది. రైలు దిగి నేరుగా పెళ్ళికి వచ్చిందామె, ఇక ఆదోనికి పుట్టింటికి పోవాలి. ఆ పక్కనే సామ్సన్ తాళంచెవులు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు.

"మంచి పని, వచ్చేసినావా," అంది రమాబాయి నడుం ఎత్తకుండానే. "స్పందన మాతో వస్తోంది. బాబును సీట్లో తప్ప కూర్చోబెట్టదు అది. నువ్వు పాపను తీసుకొని బస్సులో వచ్చెయ్. స్టాండు ఇక్కడికి దగ్గరే."

అరుణకు మొదట అర్థం కాలేదు. "బస్సులోనా?"

"ఆదోని బస్సులు ఎన్నైనా ఉంటాయి. అందుకేగా మీ కారు మాట్లాడింది! సీటు ఉంటుందని. లేకపోతే మా తమ్ముడు ఏసీ కారు పంపిస్తానన్నాడు."

ఫోనులో సీటు తీయొద్దన్న మాట ఎవరి కోసమో అరుణకు అప్పుడు తెలిసింది.

స్పందన కొంచెం ఇబ్బందిగా కదిలింది. "అమ్మా, వాడికి అది చిన్నదవుతుందేమో. కాళ్ళు బయటికొస్తాయి."

"ఆదోనిదాకానే కదా. పైగా మన సీటే. మందు వేసి తుడిచినా, ఏం భయం లేదు."

 స్పందన తడిసిన సీటు వైపు చూసి, "బాగా తుడిచినావా? బాబుకి స్కిన్ ఎలర్జీ," అని మాత్రం అడిగింది. ఆమెకు వచ్చిన సందేహం అదొక్కటే.

అరుణ వంగి దుప్పటి తీసుకుంది. మట్టి దులిపింది. దాన్ని మళ్ళీ సీట్లో పరచడానికి రమాబాయి అడ్డంగా ఉంది.

"జరగండి మేడమ్," అంది.

ఆ గొంతు విని రమాబాయి జరిగింది. ఆలోచించి జరగలేదు, అలవాటు లేని గొంతు కాబట్టి జరిగింది. అరుణ దుప్పటి పరిచి, కృపను కూర్చోబెట్టి, చేతులు పట్టీల్లోంచి దూర్చి, క్లిప్పు నొక్కింది. టక్కుమంది.

"ఏం చేస్తున్నావు నువ్వు?"

"నా బిడ్డను కూర్చోబెడతాండా."

"చెప్పింది వినపడలేదా? ఆ సీటు మేమిచ్చింది!"

"అవును మేడమ్. ఇచ్చేసినారు. ఇచ్చినారని ఆదోనంతా చెప్పినారు, ఫోనులో పెట్టినారు, ఈ పెళ్ళిలో కూడా చెప్పినారు. ఇంతమందికి చెప్పినంక ఇంకా మీదెట్లయితాది?"

రమాబాయి ముఖం ఎర్రబడింది. మంటపం మెట్ల మీద పాన్లు నములుతున్న మగవాళ్ళు ఇటు తిరిగారు. "ఎంత పొగరే నీకు! వద్దు వద్దంటున్నా జాలిపడి ఇచ్చినా చూడు, నాది బుద్ధి తక్కువ."

"ఎవరు మేడమ్ వద్దన్నది? నాకు కావాలనే తీసుకున్నా. సంతోషంగా తీసుకున్నా. మీరిచ్చిన సీటు మంచిది. ఇచ్చిన మనిషే..." అరుణ అక్కడ ఆగింది. అనాలనుకున్న మాట నోటి చివరిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి, ఆ మాటకు కూడా ఈ మనిషి తగదనిపించి మింగేసింది. "ఇచ్చిన మనిషే నా బిడ్డ కూర్చునిందని తుడిచినారు. అది చాల్లెండి."

"సామ్సన్! నీ పెండ్లానికి చెప్తావా, లేదా?"

అందరూ సామ్సన్ వైపు చూశారు. అరుణ మాత్రం చూడలేదు. చూస్తే అతని ముఖంలో ఆ 'పోనీలే' కనిపిస్తుందని భయం. పాప పట్టీలను అనవసరంగా సర్దుతూ ఉండిపోయింది. ఇప్పుడు గనుక ఆయన పోనీలే అంటే, నిజంగానే బస్సెక్కుతాను, కాని ఇంటికి పోను అనుకుంది.

సామ్సన్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ కారు నాది. నా పెండ్లాం, నా బిడ్డ దీంట్లోనే వస్తారు," అన్నాడు. గొంతు వణికింది గాని మాట ఆగలేదు. "ముందర సార్ కూర్చుంటారు. వెనకాల ఒకరికి చోటుండాది. ఎవరొస్తారో రాండి."

 రమాబాయి, "నేను చచ్చినా ఎక్కను! ఈ ఊళ్ళో కార్లు లేవా?" అని, స్పందన చెయ్యి పట్టుకొని లోపలికి లాక్కుపోయింది. తీరా పెళ్ళివాళ్ళ కార్లన్నీ మంత్రాలయం దర్శనానికి పోయి ఉన్నాయి. తల్లీకూతుళ్ళు పట్టుచీరలతో, బాబును చంకలో వేసుకొని ఆదోని బస్సే ఎక్కారని, కిక్కిరిసిన బస్సులో ఎమ్మిగనూరు నుంచి నిలబడే వచ్చారని తరువాత తెలిసింది.

భీమరావు మాత్రం చేతికర్ర ఊతంతో వచ్చి కారు ముందు సీట్లో కూర్చున్నాడు. జరిగినదంతా ఆయన గది కిటికీలోంచి చూశాడు. కారు ఊరు దాటింది. ఇరువైపులా నల్లరేగడి చేలల్లో పత్తి విరగబూసి ఉంది. ఆయన అటు చూస్తూ, వెనక్కు తిరగకుండా అన్నాడు.

"రమ చేసింది తప్పే తల్లీ. నాకు తెలుసు."

అరుణ ఎదురుచూసింది. ఇంత చదువుకున్న మనిషి ఇంకొక మాట ఏదో అంటాడనుకుంది.

"అయినా నువ్వే ఒక మాట సారీ చెప్పెయ్. నీకేం పోతుంది? లేకపోతే ఇంట్లో నాకు నెలరోజులు అన్నం సహించనివ్వదు."

రమాబాయి సీటు తుడుస్తుంటే కూడా అరుణకు ఇంత అసహ్యం వేయలేదు. రమాబాయికి తాను చేసేది తప్పని తెలియదు, తెలిసే అవకాశం కూడా లేదు. ఈయనకు అన్నీ తెలుసు. ఆ తెలివినంతా తన అన్నం పళ్ళెం చుట్టూ కంచెలా పెట్టుకున్నాడు.

"సార్, కాలు కిందికి వేలాడదీయకండి. వాపొస్తాది," అంది.

ఆదోనిలో ఆయనను ఇంటి దగ్గర దించి, లోపలిదాకా నడిపించి వచ్చింది. అదే ఆ ఇంటికి ఆఖరిసారి పోవడం.

ఆ తరువాత రమాబాయి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. సామ్సన్ కారు ఎవరూ మాట్లాడొద్దని చెప్పిందట. కొందరు మానేశారు. సామ్సన్ రెండు రోజులు దిగాలుగా తిరిగాడు. మూడోరోజు పొద్దున అద్దాలు తుడుస్తూ, "నేను మాట్లాడింది బాగుండెనా?" అని అడిగాడు.

"గొంతు వణికింది," అంది అరుణ.

"అది తెలుసు. మాట?"

"మాట బాగుండె." పెళ్ళయ్యాక అతని మీద అంత ఇష్టం ఎప్పుడూ కలగలేదామెకు. ఆ మాట మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు కృప సీటు కారులోంచి తీయడం లేదు. బాడుగ మాట్లాడేవాళ్ళు ఆ డొప్పేంది, తీసెయ్యప్పా అంటే, "అది మా పాపది. ఇంకో ఇద్దరు వెనకాల సుఖంగా కూర్చోవచ్చు" అంటాడు సామ్సన్. కొందరు వేరే కారు చూసుకుంటారు. కొందరు ఎక్కుతారు. పిల్లలున్న ఒకరిద్దరు ఇది యాడ దొరుకుతాదని అడిగారు కూడా.

భీమరావు కాలుకు ఎవరో కాంపౌండరును పెట్టుకున్నారని విన్నది. నెల దాటాక ఒక సాయంత్రం ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. అరుణ పాపకు స్నానం పోస్తూ ఉంది. చేతులు సబ్బుతో ఉంటే బసమ్మ ఫోను తీసి స్పీకరు పెట్టింది.

"అరుణా, ఒక్క మాట తల్లీ," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "రమ ఆ సెట్టు వెనక్కి అడగమంటోంది. పట్టుబట్టి కూర్చుంది. నువ్వు ఒకసారి తెచ్చి ఇచ్చేసెయ్. ఆమె మనసు కుదుటపడుతుంది. నాలుగు రోజులు పోయాక నేనే సర్దిచెప్పి మళ్ళీ మీకే ఇప్పిస్తా. ఎటూ మాకు దాంతో పని లేదు. ఆమె చేత్తో ఇంకోసారి ఇచ్చినట్టుంటుంది, అంతే."

అరుణ చెంబు కింద పెట్టింది. నవ్వాలో ఉమ్మాలో తెలియలేదు. ఆమె నోరు తెరిచేలోపల బసమ్మ ఫోనును మూతి దగ్గరికి తెచ్చుకుంది. జీవితమంతా పెద్దోళ్ళ ముందు చెప్పులు చేత్తో పట్టుకొని నడిచిన మనిషి.

"అయ్యా, నేను ఆ పిల్ల అత్తను మాట్లాడతాండా. మీ ఇంటామెకు ఇచ్చే జబ్బుంటే ఊళ్ళో శానా మంది ఉండారు, ఇచ్చుకోమని సెప్పండి. మా బిడ్డను మాత్రం మల్ల మల్ల తీసుకునేదానికి పిలవాకండి. మాకు పనులుండాయి."

అవతల భీమరావు ఏదో శాంతం గురించి, క్షమ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. బసమ్మ కొంచెంసేపు విన్నది. తరువాత ఫోనును అరుణ వైపు చాపింది.

"ఇది యాడ నొక్కితే ఆగుతాది?"

అరుణ సబ్బు వేలితోనే నొక్కి ఆపేసింది. ఆయన అప్పటికింకా మాట్లాడుతూనే ఉన్నాడు.